ఆజ్ఞలు దిగడమేనా, మొర ఎక్కేది లేదా?

బాసర: చిన్నపిల్లల చేత తొలి అక్షరం దిద్దించే సరస్వతీ క్షేత్రమిది. ఈ ఊరి ట్రిపుల్ ఐటీ విద్యార్థులు సెల్‌ఫోనులో రాసిన నాలుగు అక్షరాలు ఒకప్పుడు మంత్రులను కదిలించిన సంగతి ఈ ప్రాంత ప్రజలకు గుర్తుండే ఉంటుంది.

2022 జూన్ 14న ఆ విద్యార్థులు 12 కోరికలతో ఆందోళనకు దిగారు. పూర్తికాలపు వైస్ ఛాన్సలర్‌ను నియమించాలి, అధ్యాపకులను పెంచాలి, భోజనం బాగుపడాలి, ల్యాప్‌టాప్‌లు ఇవ్వాలి అన్నవి వాటిలో కొన్ని. ఎండనక, వాననక ఆరుబయట కూర్చున్నారు. వారి గోడు ట్విట్టర్ ద్వారా బయటి ప్రపంచానికి తెలిసింది. అప్పటి ఐటీ మంత్రి కె.టి. రామారావు అందులోనే జవాబిచ్చారు. వారం తిరిగేసరికి విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి వచ్చి మాట్లాడాక ఆందోళన ముగిసింది. సెప్టెంబరులో రామారావు స్వయంగా బాసర వచ్చి విద్యార్థులను కలిశారు.

ఇది సంతోషించదగ్గ విషయమే. కాని ఆ 12 కోరికలూ ఒక్క రాత్రిలో పుట్టుకొచ్చినవి కావు. భోజనం బాగులేదన్న మాట వినడానికి హైదరాబాదు నుంచి మంత్రి రావలసిన అవసరమేమిటి? దగ్గరున్నవారి చెవికి ఎక్కనప్పుడే మాట దూరం పోతుంది.

విద్యార్థులు వేలమంది. ఒకరికొకరు తోడున్నారు గనుక ధైర్యంగా రాశారు. మరి ఒంటరిగా కొలువు చేసుకునే చిన్న ఉద్యోగి సంగతేమిటి?

ఆర్టీసీనే చూడండి. 2021 సెప్టెంబరు నుంచి 2025 సెప్టెంబరు దాకా ఎండీగా ఉన్న సజ్జనార్ ట్విట్టర్‌లో ప్రయాణికుల ఫిర్యాదులు విని జవాబులిచ్చేవారు. అందరూ మెచ్చుకున్నారు. అయితే బస్సు ఆగలేదని కండక్టరు మీద ఫిర్యాదు చేసిన ప్రయాణికుడికి పోయేదేమీ లేదు. అదే కండక్టరు తన డ్యూటీ చార్టు అన్యాయంగా ఉందని పదిమందీ చూసేచోట పేరు పెట్టి రాయగలడా? మర్నాడు డిపోకు పోవలసినవాడు కదా! 2019లో ఆర్టీసీ కార్మికులు అక్టోబరు 5 నుంచి 52 రోజులు సమ్మె చేశారు. అంతా అయిపోయాక డిసెంబరు 1న ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు డిపోకు ఐదుగురి చొప్పున కార్మికులను పిలిపించి మాట్లాడారు. ఆ మాటలేవో ముందే జరిగి ఉంటే ఎంత బాగుండేదని అనుకోనివారు లేరు.

ఇక పల్లెల్లో వాట్సాప్ గ్రూపులకు కొదవ లేదు. పంచాయతీ సఫాయి కార్మికుడు, ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, అందరూ ఏదో ఒక గ్రూపులో ఉన్నవారే. పొద్దున్నే ఆదేశం వస్తుంది. మోరీ తీసిన ఫోటో పెట్టాలి. చేతి తొడుగులు చినిగిపోయిన ఫోటో పెడితే మాత్రం జవాబుండదు. కొన్ని గ్రూపుల్లో అసలు రాసే వీలే లేదు. అడ్మిన్లు మాత్రమే రాసే ఏర్పాటు వాట్సాప్‌లో 2018 నుంచి ఉంది. దండోరా వేసేవాడి డప్పుకూ దీనికీ తేడా ఏముంది? డప్పు కూడా చెబుతుందే గాని వినదు.

గ్రూపు తెరిచిపెడితే శుభోదయాలు, దేవుళ్ల బొమ్మలు నిండిపోతాయని అధికారులు అంటున్నారు. అందులో నిజం లేకపోలేదు. దానికీ ఉపాయముంది. వారానికి ఒక గంట సిబ్బంది రాసుకోవడానికి విడిచిపెట్టాలి. పేరు బయటపెట్టలేనివారు పై అధికారికే నేరుగా రాసుకునేందుకు విడిగా ఒక నంబరు ఇవ్వాలి. వచ్చిన ప్రతి మొరకూ ఫలానా తేదీలోగా అవుతుందనో, ఫలానా కారణం వల్ల కాదనో జవాబు రావాలి. మంచి ఫోను లేనివారి మాటను నెలవారీ సమావేశంలో అడిగి రాసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఉన్నమాట చెప్పినవాడిని మర్నాడు వేధించకూడదు. ఆ ఒక్క భరోసా లేకపోతే ఎన్ని గ్రూపులు పెట్టినా దండగే.

దీనికి ప్రభుత్వం పైసా ఖర్చు పెట్టనక్కరలేదు. ఫోను ఇద్దరి చేతుల్లోనూ ఉంది. ఇంతకాలం చెప్పడానికే వాడిన పెద్దలు ఇకనైనా దాన్ని వినడానికి కూడా వాడాలి. కిందివారి మాట సమ్మె దాకా, ధర్నా దాకా పోకుండా ఆపే మార్గం ఇంతకంటే తేలికైనది మరొకటి లేదు.