తాళంచెవి ఎక్కడ?

అర్ధరాత్రి రెండింటికి మా నాన్న అడిగిన ప్రశ్న ఇది. అప్పటికే హాలంతా పొగ. ఇన్వర్టర్ వైరు కాలుతున్న కంపు. అమ్మ ఒకటే దగ్గు. మెయిన్ డోర్ తీశాం గానీ, దాని బయట ఉన్న చానల్ గేటుకి తాళం. అదేనండీ, షాపుల ముందు, పాతకాలం లిఫ్టులకి కనిపించే ముడుచుకునే ఇనప గేటు. కొలాప్సిబుల్ గేటు అని కూడా అంటారు.

ఆ గేటు పెట్టించింది నేనే. నిజాంపేటలో మాది మూడో అంతస్తు. పోయినేడాది కింది ఫ్లాట్‌లో దొంగతనం జరిగింది. నేను ఆఫీసుకెళ్తే ఇంట్లో అమ్మా నాన్నే ఉంటారు. దాంతో భయపడిపోయి, వారం తిరక్కుండానే తలుపుకి గేటు, బాల్కనీకీ కిటికీలకీ గ్రిల్స్ బిగించేశా. ‘ఇక చీమ కూడా దూరదు నాన్నా’ అని గొప్పలు పోయా. చీమ సంగతేమో గానీ, ఆ రాత్రి మేం ముగ్గురం బయటికి రాలేకపోయాం.

తాళంచెవి నాన్న చొక్కా జేబులో ఉంది. చొక్కా వాషింగ్ మెషీన్‌లో ఉంది. ఫోన్ లైటు వేసుకుని వెతికి తెచ్చేసరికి నాలుగైదు నిమిషాలు. తీరా తాళం తీస్తే గేటు సగంలో ఇరుక్కుంది. ఆ సందులోంచే అమ్మని పక్కకి తిప్పి బయటికి పంపించాం. అదృష్టం కొద్దీ వైరు కరగడంతోనే సరిపోయింది, మంట రాలేదు.

మర్నాడు ఆ గేటు ముందు కూర్చుని చూశా. నిలువు కమ్మీలు, వాటిని కలుపుతూ ఏటవాలుగా ఇనప పట్టీలు, కలిసిన చోటల్లా రివెట్టు. కత్తెర లాంటి ఏర్పాటు. గేటు లాగి మూస్తే పట్టీలు అడ్డంగా సాగుతాయి, ఎత్తు తగ్గుతుంది. తెరిస్తే దగ్గరకొచ్చి నిలువుగా లేస్తాయి. అందుకే పట్టీల కొసలు నిలువు కమ్మీల్లో పైకీ కిందికీ జారుతూ ఉండాలి. అక్కడ తుప్పు పట్టినా, రంగు వేసేటప్పుడు పెయింటు పేరుకుపోయినా గేటు మొరాయిస్తుంది. మా గేటుకి రెండూ ఉన్నాయి. పైగా కింది పట్టాలో ముగ్గుపిండి, మట్టి, ఇల్లు కడిగిన నీళ్లు కలిసి గట్టిపడిపోయాయి.

2019 డిసెంబర్ 8న ఢిల్లీ అనాజ్ మండీలో ఒక భవనంలో మంటలు లేచి 43 మంది చనిపోయారు. చాలామందిని చంపింది మంట కాదు, పొగ. లోపలున్న వాళ్లని తీయడానికి ఫైర్ సిబ్బంది కిటికీ గ్రిల్స్ కోయాల్సి వచ్చింది. అప్పుడు ఆ వార్త ఫోన్‌లో చదివి పక్కకి తోసేశా. మా ఇంటికి గ్రిల్స్ కొలతలు ఇచ్చేటప్పుడు గుర్తే రాలేదు. దొంగ ఎటునుంచి వస్తాడో అన్నీ ఆలోచించా. మేం ఎటునుంచి పోవాలో ఒక్కసారీ అనుకోలేదు.

గేటు తీసేయలేదు. దొంగల భయం కూడా నిజమే కదా. మార్చింది మూడే. ఒకటి, తలుపు లోపలివైపు గోడకి మేకు కొట్టి తాళంచెవి అక్కడే తగిలించాం. ‘దొంగ చేతికి ఇచ్చినట్టే’ అని నాన్న గొణిగారు. రాత్రి మెయిన్ డోర్ వేసే ఉంటుంది కాబట్టి, గేటు సందులోంచి చెయ్యి పెట్టినా మేకు అందదని చూపిస్తే ఒప్పుకున్నారు. రెండు, వెల్డింగ్ అతన్ని పిలిచి బాల్కనీ గ్రిల్‌లో మనిషి పట్టేంత చిన్న తలుపు పెట్టించాం. దాని తాళంచెవికీ పక్కనే ఇంకో మేకు. మూడో అంతస్తు నుంచి దూకడానికి కాదు, గాలి పీల్చుకోవడానికి, ఫైర్ వాళ్ల నిచ్చెన వస్తే అందుకోవడానికి. మూడు, నెలకోసారి పట్టా ఊడ్చి, రివెట్లకి నూనె వేస్తున్నాం. ఆ పని నాన్న డ్యూటీ.

ఒక ఆదివారం రాత్రి లైట్లన్నీ ఆపేసి అమ్మని గేటు తీయమన్నా. ‘నీకేం పనిలేదురా’ అని తిడుతూనే గోడ తడుముకుంటూ వెళ్లింది. మొదటిసారి మేకు దొరకలేదు. రెండోసారి దొరికింది. మూడోసారి నేను పది లెక్కపెట్టేలోగా గేటు తీసి బయట నిలబడి, ‘ఇక అన్నం తిందామా?’ అంది. మీ ఇంట్లోనూ ఒక్కసారి చేసి చూడండి. కరెంటు ఉన్నప్పుడు తేలికగా దొరికేది చీకట్లో దొరకదు.

ఇప్పుడు అమ్మ ఎవరింటికెళ్లినా కాఫీ కంటే ముందు అడిగేది ఆ ప్రశ్నే. పోయినవారం తెనాలిలో పెద్దమ్మనీ అడిగింది. వాళ్ల వరండాకీ ఇలాంటి గేటే. ‘ఇక్కడే ఎక్కడో ఉండాలే, ఉండు’ అంటూ పెద్దమ్మ ముందు దేవుడి గదిలోకి వెళ్లింది. అక్కణ్నుంచి వంటింట్లోకి. తర్వాత పెదనాన్నని నిద్ర లేపింది.