'వాడి బుద్ధే అంత' అనే మాట మన హాస్టల్లో వద్దు



పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని సామెత. మన హాస్టల్లో ఇంత పొడుగ్గా ఎవరూ అనరు. 'వాడి బుద్ధే అంత' అంటారు. ఇంకా కోపమొస్తే 'మెంటల్', 'సైకో', 'ఎర్రగడ్డ కేసు' అంటారు. ఏటా ఒకరిద్దరికైనా ఈ పేర్లు పడుతూనే ఉన్నాయి. పేరు పడ్డాక వాడి పక్కన చాప వేసుకునేవాడు ఉండడు. మెస్సులో వాడి వరసలో ఎవరూ కూర్చోరు. సెలవులకు ఇంటికెళ్లి తిరిగి రాకపోతే 'పీడ పోయింది' అనుకుంటారు. ఈ వార్షికోత్సవ సంచికలో మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ మాట అబద్ధం. ఆ మాట వల్ల చదువులు పోతున్నాయి, ఒక్కోసారి ప్రాణాలు కూడా పోతాయి.

మేము డాక్టర్లం కాము. మా ఇంట్లో డిగ్రీ పట్టా చేత పట్టుకున్న మొదటి తరం మేము. ఇప్పుడు ఎం.ఎస్.డబ్ల్యూ. చదువుతూ, అందులో భాగంగా ఒక ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో కొన్ని నెలలు కూర్చుని చూసినవాళ్లం. అక్కడ చూసిందీ, పుస్తకాల్లో చదివిందీ, మన గదుల్లో కళ్లారా చూసిందీ కలిపి రాస్తున్నాం.

డిప్రెషన్ అంటే ఇప్పుడు చాలామందికి తెలుసు. పర్సనాలిటీ డిజార్డర్, అంటే వ్యక్తిత్వ రుగ్మత, చాలా తక్కువమందికి తెలుసు. జ్వరంలా వచ్చి నాలుగు రోజులుండి పోయేది కాదిది. తనను తాను చూసుకునే తీరు, ఎదుటివారితో మెలిగే తీరు ఏళ్ల తరబడి గాడి తప్పి, ఇంట్లోనూ బడిలోనూ స్నేహంలోనూ అదే చిక్కు మళ్లీ మళ్లీ ఎదురవుతుంటే దాన్ని ఈ పేరుతో పిలుస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలు చేస్తున్న వ్యాధుల వర్గీకరణ ప్రకారం ఈ తీరు కనీసం రెండేళ్లుగానైనా ఉండాలి. దాన్ని బట్టి స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని చూస్తారు. అమెరికా వైద్యులు 2013 నాటి తమ పుస్తకంలో పది రకాలుగా విడదీశారు. అందరినీ అనుమానించే రకం ఉంది, ఎవరితోనూ కలవని రకం ఉంది, అతిగా ముడుచుకుపోయే రకం ఉంది. పరీక్షల ముందు చిరాకుపడ్డవాడికి, ఒకసారి గొడవపడ్డవాడికి ఈ పేరు తగిలించడానికి వీల్లేదు.

ఇంకో పొరపాటు సినిమాల వల్ల వచ్చింది. 2005లో వచ్చిన 'అపరిచితుడు' చూసిన మనవాళ్లు పర్సనాలిటీ డిజార్డర్ అనగానే ఒకే మనిషిలో ముగ్గురు మనుషులు అనుకుంటారు. అది వేరే జబ్బు, చాలా అరుదైనది. మేము చెప్పేవారిలో అలా మనుషులు మారరు. ఉన్నది ఒక్కడే, వాడికి లోపల నిలకడ దొరకదు.

ఇందులో ఆసుపత్రుల దాకా ఎక్కువగా వచ్చేది బోర్డర్‌లైన్ రకం. హాస్టల్లో అది ఎలా ఉంటుందో చెబుతాం. జూన్‌లో గదిలోకి వచ్చినవాడు 'అన్నా, నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు' అంటాడు. తన ట్రంకు పెట్టెలోని పచ్చడి సీసా తీసి మన ముందు పెడతాడు. ఆగస్టులో మనం వేరేవాడితో కలిసి సినిమాకు పోతే 'నువ్వూ వాళ్లలాంటోడివే' అని కంచం విసిరికొడతాడు. సాయంత్రానికి ఏడుస్తాడు, కాళ్లు పట్టుకోబోతాడు. సంక్రాంతికి మనం ఊరెళుతుంటే రెండు రోజుల ముందు నుంచే తిండి మానేస్తాడు. ఒక నెల పోలీసు ఉద్యోగమంటాడు, మరో నెల చదువే వద్దంటాడు. ఎండాకాలంలోనూ ఫుల్ చేతుల చొక్కా వేసుకుంటాడు, దాని కింద చేతి మీద గాట్లుంటాయి. అడిగితే 'లోపలంతా ఖాళీగా ఉందిరా' అంటాడు. ఇదంతా నాటకమని గది మొత్తం తీర్మానం చేస్తుంది.

నాటకం కాదు. మనకు వేలికి నిప్పు తగిలినంత బాధ కలిగే చోట వాడికి ఒళ్లంతా కాలినంత బాధ కలుగుతుంది. మనం పది నిమిషాల్లో తేరుకుంటే వాడికి రోజంతా పడుతుంది. దీనికి కారణం ఒక్కటే అని చెప్పలేం. పుట్టుకతో వచ్చే సున్నితత్వం కొంత, పెరిగిన పరిస్థితులు కొంత. దెబ్బలు, లైంగిక వేధింపులు, ఆలనాపాలనా లేకపోవడం, ఏడిస్తే 'నోర్మూసుకో' అనే మాట తప్ప మరోటి వినకపోవడం చాలామంది కథల్లో కనిపిస్తాయి. అందరి కథల్లోనూ ఉండవు. కాబట్టి తల్లిదండ్రులను దోషులుగా నిలబెట్టడం కూడా న్యాయం కాదు. కూలికి పోయి పిల్లవాణ్ణి మూడో తరగతిలోనే హాస్టల్లో చేర్చిన తల్లి వాడి చదువు కోసమే చేర్చింది.

ఇక అసలు సంగతి. బుద్ధి మారదా? మారుతుందని లెక్కలు చెబుతున్నాయి. అమెరికాలో బోస్టన్ దగ్గర మెక్‌లీన్ ఆసుపత్రిలో మేరీ జనరీని అనే పరిశోధకురాలు, ఆమె బృందం 290 మంది బోర్డర్‌లైన్ రోగులను ఏళ్ల తరబడి గమనించారు. ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చినంత తీవ్రంగా ఉన్నవారు వాళ్లంతా. పదేళ్ల ఫలితాలు 2010లో ప్రకటించారు. 93 శాతం మందిలో జబ్బు అని చెప్పదగ్గ లక్షణాలు కనీసం రెండేళ్లపాటు లేకుండా పోయాయి. 86 శాతం మందిలో కనీసం నాలుగేళ్లు లేవు. అయితే లక్షణాలు తగ్గడంతో పాటు ఒక మంచి స్నేహం, నిలకడైన చదువో ఉద్యోగమో కూడా సాధించి పూర్తిగా కోలుకున్నవారు సగం మందే. ఈ రెండు అంకెల మధ్య తేడాను మనం గట్టిగా పట్టించుకోవాలి. కోపతాపాలు తగ్గినా చదువు, పని, తోడు దొరకడం కష్టమవుతోంది. ఆ మూడూ దొరికే చోటు హాస్టల్. అక్కడి నుంచే మనం వాణ్ణి గెంటేస్తున్నాం.

ఈ జబ్బుకు పేరుపొందిన వైద్యం కనిపెట్టినావిడ పేరు మార్షా లినెహాన్. 1961లో, 17 ఏళ్ల వయసులో ఆమెనే అమెరికాలోని ఒక మానసిక వైద్యశాలలో చేర్చారు. రెండేళ్లకు పైగా అక్కడే ఉంది. తనను తాను గాయపరచుకుంటుంటే ఒంటరి గదిలో ఉంచారు, కరెంటు షాకులిచ్చారు. బయటికొచ్చాక చికాగోలో పగలు గుమాస్తా పని చేస్తూ రాత్రి కాలేజీలో చదివి, 1971లో పీహెచ్‌డీ పూర్తి చేసింది. ఉన్నదాన్ని ఉన్నట్టు ఒప్పుకోవడం, దాన్ని మార్చుకోవడం రెండూ ఒకేసారి నేర్పే డీబీటీ అనే పద్ధతిని తయారు చేసింది. తన గతాన్ని 2011లోగానీ లోకానికి చెప్పలేదు. పగలు పని, రాత్రి చదువు అంటే ఏమిటో మనకు ఎవరూ వివరించనక్కర లేదు. ఆ అమ్మాయిని చూసి 'బుద్ధే అంత' అని వదిలేసి ఉంటే ఏమయ్యేది?

డీబీటీ పూర్తిగా నేర్చినవారు మన జిల్లాల్లో సులభంగా దొరకరన్నది నిజమే. దానికీ జవాబుంది. 2009లో కెనడాలోని టొరంటోలో 180 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు డీబీటీ, మరో జట్టుకు ఈ జబ్బు తెలిసిన డాక్టర్లు ఒక క్రమపద్ధతిలో చేసే మామూలు మానసిక వైద్యం ఏడాది పాటు ఇచ్చారు. రెండు జట్లూ దాదాపు ఒకేలా మెరుగుపడ్డాయి. ఈ జబ్బును ప్రత్యేకంగా తగ్గించే మాత్ర లేదు. దిగులు, నిద్రలేమి లాంటివి తోడైతే వాటికి మందులిస్తారు. ముఖ్యమైన వైద్యం మాటలతోనే, విడవకుండా చాలాకాలం సాగాలి.

బుద్ధి పుట్టుకతోనే వస్తుందనే మాటను మనం మిగతావాళ్లకంటే ఎక్కువ అనుమానించాలి. 1871లో బ్రిటిష్ వారు నేర జాతుల చట్టం తెచ్చి, కొన్ని కులాలను తెగలను మొత్తంగా పుట్టు నేరస్థులన్నారు. మన స్టువర్టుపురం ఆ చట్టం కాలంలో ఏర్పడిన సెటిల్‌మెంటే. ఆ చట్టం 1952లో రద్దయింది. అయినా ఆ ఊరి పేరు చెబితే అనుమానంగా చూసేవాళ్లు తర్వాత కూడా ఉన్నారు. 'వాళ్ల బుద్ధులే అంత' అనే మాట మన తాతలు ఊరి రచ్చబండ దగ్గర విన్నారు. అదే మాటను మన గదిలో మనవాడి మీద మనమే వాడితే ఎలా?

దీనికి రెండో వైపూ ఉంది. ల్యాబులో కులం పేరెత్తి అవమానిస్తే ఊగిపోయే కుర్రాడికి జబ్బు లేదు. స్కాలర్‌షిప్ రాక ఫీజు కట్టలేక మండిపడేవాడికి జబ్బు లేదు. న్యాయమైన కోపానికి జబ్బు పేరు పెట్టి నోరు మూయించడం కూడా అన్యాయమే. అందుకే ఎవరికి ఏ జబ్బు ఉందో చెప్పే పని మనం పెట్టుకోవద్దు. అది శిక్షణ పొందిన వైద్యులు చాలాసేపు మాట్లాడి, గతం తెలుసుకుని తేల్చవలసింది. మన పని, వాణ్ణి అక్కడిదాకా తోడు తీసుకెళ్లడం.

మరి అలాంటి మిత్రుడితో కలిసి ఉండేదెలా? మేము నేర్చుకున్నవి కొన్ని చెబుతాం. వాడు మండిపడుతున్నప్పుడు తప్పొప్పుల పంచాయితీ పెట్టకూడదు. 'నీకు చాలా బాధగా ఉంది, నాకు తెలుస్తోంది' అనాలి. బాధను ఒప్పుకున్నంత మాత్రాన కంచం విసరడాన్ని ఒప్పుకున్నట్టు కాదు. చల్లబడ్డాక 'కొడితే గది నుంచి బయటికి పోతాను, తర్వాత మళ్లీ వస్తాను' అని నెమ్మదిగా చెప్పి, చెప్పినట్టే చేయాలి. తిరిగి రావడం మరవకూడదు. ఊరెళ్లేటప్పుడు చెప్పకుండా పోకూడదు, ఏ రోజు వస్తామో చెప్పి ఆ రోజే రావాలి. భారమంతా ఒక్కడి మీద పడితే వాడూ కుంగిపోతాడు. ముగ్గురు నలుగురు వంతులవారీగా తోడుండాలి. కొట్టడం, జూనియర్లను ఏడిపించడం, దొంగతనం జబ్బు పేరుతో మాఫీ కావు. హద్దులు అందరికీ ఒక్కటే. హద్దు చెప్పేటప్పుడు వెటకారం మాత్రం వద్దు.

చనిపోతానన్నాడంటే 'బెదిరిస్తున్నాడులే' అని పక్కకు తిరిగి పడుకోకండి. పదిసార్లు అన్నవాడికి పదకొండోసారి ప్రమాదం లేదని ఎవరూ రాసివ్వలేరు. 'చనిపోవాలని ఆలోచన వస్తోందా?' అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందన్నది భ్రమ. 'ఎవరికీ చెప్పకు' అని ఒట్టు పెట్టించుకున్నా వార్డెన్ గారికి చెప్పాలి, ఆ రాత్రి ఒంటరిగా వదలకూడదు. 2022 అక్టోబరు నుంచి టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ ఉంది. నంబరు 14416. డబ్బు అక్కర్లేదు, పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా భావించాలేగానీ శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. కేసవుతుందని భయపడి ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆపవద్దు.

ఇక పెద్దలకు ఒక మాట. 2023లో విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణించింది. ఆ కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పునిస్తూ, హాస్టళ్లతో సహా విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు పైగా విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఒకరైనా ఉండాలి. అంతకు తక్కువ ఉన్నచోట బయటి నిపుణులతో ఏర్పాటు ఉండాలి. సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. సహాయ నంబర్లు పెద్ద అక్షరాలతో కనబడేలా పెట్టాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులతో వివక్ష లేకుండా మెలగడం సిబ్బందికి నేర్పాలి. ఇది ఎవరి దయా కాదు, దేశపు అత్యున్నత న్యాయస్థానం చెప్పిన విధి. మన హాస్టల్లో వందకు పైగా ఉన్నాం. మనకు కౌన్సెలర్ ఎప్పుడు వస్తారని వార్షికోత్సవానికి వచ్చే అధికారులను వేదిక ముందే అడగాలి.

పూర్వ విద్యార్థులైన అన్నలు ఏటా షీల్డులు, గోడ గడియారాలు ఇస్తున్నారు. సంతోషం. ఈసారి ఒక చిన్న నిధి పెట్టండి. జిల్లా ఆసుపత్రికి పోయి రావడానికి బస్సు చార్జీ, తోడు వెళ్లినవాడికి ఒక పూట భోజనం, అంతే. నెలనెలా వైద్యం మధ్యలో ఆగిపోకుండా ఉండటానికి ఆ కాస్త డబ్బే చాలాసార్లు అడ్డమవుతోంది.

తమ్ముళ్లూ, మీరు చేయగలిగింది ఇంకా సులభం. మెస్సు గోడ మీద వారం మెనూ పక్కన 14416 అని పెయింటుతో రాయించండి. ఈ సంవత్సరం పేరు పడ్డ కుర్రాడు ఎవరో మీకు తెలుసు. ఈ రాత్రి అన్నం గంట కొట్టగానే కంచం పట్టుకుని వెళ్లి వాడి పక్కన కూర్చోండి.