ఒక్క కాయిల్ కోసం బస్తాల ఉప్పు

మణికొండ నుంచి బాచుపల్లి దాకా ఏ అపార్ట్‌మెంటు జనరల్ బాడీ మీటింగులో కూర్చున్నా ఈ ప్రతిపాదన చెవిన పడుతోంది: “బోరు నీళ్ళకు గీజర్లూ వాషింగ్ మెషీన్లూ నిలవడం లేదు. సంపు దగ్గర పెద్ద సాఫ్ట్‌నర్ ప్లాంటు పెట్టించేద్దాం.” చెయ్యెత్తనివాడు పిసినారి కింద లెక్క. ఆ పేరు పడినా సరే, ఇంటికొచ్చే నీళ్ళన్నిటినీ మెత్తబరచడం దండగ అంటాను. దండగతో ఆగితే బాగానే ఉండేది, చుట్టుపక్కల నేలకూ నీటికీ చేటు కూడాను.

అమ్మకానికి వచ్చే కుర్రాడు రెండు సీసాలు తెస్తాడు. మన బోరు నీళ్ళున్న సీసాలో నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు వేసి ఊపితే నురగ రాదు, పాలు విరిగినట్టు తెల్లటి తరకలు తేలతాయి. తన ప్లాంటు నీళ్ళలో వేసి ఊపితే మూతి దాకా నురగే. అంతే, మీటింగు సగం అతని వైపు. పరీక్షలో మోసమేమీ లేదు. కానీ అది తేల్చేది సబ్బు సంగతి. గీజర్లో సబ్బు పోసేవాళ్ళెవరు?

యంత్రానికి పట్టేది వేరే. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లుంటాయి. నీళ్ళు చల్లగా ఉన్నంతసేపు చాలావరకు కరిగే ఉంటాయి. కాగితే బొగ్గుపులుసు వాయువు విడిచిపోయి, కాల్షియం కార్బొనేట్ సుద్దలా కాయిల్‌కు అంటుకుంటుంది. 60 డిగ్రీలు దాటితే ఈ పేరుకోవడం ఊపందుకుంటుంది. అంటే అసలు దోషి వేడి. మరి ఇంట్లో మనం కాచే నీళ్ళెన్ని? ఫ్లష్‌కూ గచ్చు కడగడానికీ కారు తుడవడానికీ పోయే నీళ్ళను మెత్తబరిచి ఎవరిని ఉద్ధరించడానికి?

మామూలు టాప్ లోడ్ మెషీన్లకు హీటరే ఉండదు. అయినా నెలనెలా డీస్కేలింగ్ పౌడరు వెయ్యాలని సర్వీసుకు వచ్చినవాళ్ళు అంటగట్టి పోతారు. అందులో పేరుకునేది ఎక్కువగా మనం గుప్పిళ్ళతో పోసే సర్ఫు మురికి, నీళ్ళ పైపు మొదట్లో ఉండే చిన్న జాలీలో చేరే ఇసుక. ఫ్రంట్ లోడ్‌లో హీటరుంది, నిజమే. రోజువారీ బట్టలకు 60 డిగ్రీలు పెట్టకపోతే దానికీ పెద్ద బెడద లేదు.

గీజరు సంగతే అసలు సంగతి. చాలా ఇళ్ళలో దాని మర 75 దగ్గర బిగించేసి ఉంటుంది. అంత వేడి ఒంటి మీద పోసుకోలేం కాబట్టి చన్నీళ్ళు కలుపుతాం. అంటే సుద్ద పేరుకోవడానికే కాచి, స్నానానికి చల్లార్చుకుంటున్నామన్నమాట. మరను 60కి దించితే సగం తగాదా తీరుతుంది. మిగతాది ఏడాదికోసారి చేసే పని. కరెంటు ఆపేసి, నీళ్ళు వంపేసి, కింద ప్లేటు విప్పిస్తే కాయిల్ కనపడదు, సున్నం కొట్టిన కడ్డీ బయటికొస్తుంది. వెనకే దోసెడు పెచ్చులు జారతాయి. కొందరు మెకానిక్కులు దాన్ని స్పానర్‌తో టకటకా కొట్టి రాలుస్తారు. పైతొడుగు చిట్లి నాలుగు నెలల్లో కాయిల్ పోతుంది, తిట్లు మాత్రం నీళ్ళకు పడతాయి. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పును గోరువెచ్చని నీళ్ళలో కలిపి కాయిల్ ముంచండి. బుస్సున బుడగలు లేచి, పెచ్చు దానంతటదే వదులుతుంది. కెటిల్‌కైనా ఇదే మందు. ప్లేటు విప్పినప్పుడే మెగ్నీషియం కడ్డీనీ చూడాలి. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను అరిగిపోవడానికే దాన్ని పెడతారు. అరిగాక మార్చకపోతే ట్యాంకు కారుతుంది. దానికీ బోరునే నిందిస్తాం.

కరెంటు బిల్లు పెరిగిపోతుందని ఇంకో బెదిరింపు. 2009లో అమెరికాలో బ్యాటెల్ సంస్థ, అక్కడి నీటిశుద్ధి పరిశ్రమ డబ్బుతోనే, హీటర్లను పరీక్షించింది. గ్యాసు హీటర్ల సామర్థ్యం బాగా తగ్గింది. కరెంటు హీటర్ల సామర్థ్యం మాత్రం తగ్గలేదు. కాయిల్ నీళ్ళలోనే మునిగి ఉంటుంది, సుద్ద పట్టినా ఆ వేడి నీళ్ళలోకి పోక ఎక్కడికి పోతుంది? నష్టం కాయిల్ ఆయుష్షుకే. మన ఇళ్ళలో ఎక్కువగా ఉన్నవి కరెంటు గీజర్లు. ప్రకటనల్లో కనపడేవి గ్యాసు లెక్కలు.

సాఫ్ట్‌నర్ తనలోని రెసిన్‌తో కాల్షియాన్ని పట్టుకుని బదులుగా సోడియం వదులుతుంది. లీటరుకు 500 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీళ్ళు మెత్తబడితే లీటరుకు దాదాపు 230 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. పప్పు ఉడికేది ఆ నీళ్ళలోనే అయితే, బీపీ ఉన్నవాళ్ళు ఆలోచించుకోవాలి. ఇక ఆ రెసిన్ మళ్ళీ పనిచెయ్యాలంటే ఉప్పు నీళ్ళతో కడగాలి. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన నలుగురి ఇంటికి, ఎంత పొదుపుగా చూసుకున్నా, నెలకు తొమ్మిదిన్నర కిలోల ఉప్పు. నిజానికి చాలా చోట్ల దానికి రెట్టింపు పడుతుంది. 50 ఫ్లాట్ల అపార్ట్‌మెంటంటే తక్కువలో తక్కువ దాదాపు అర టన్ను, ప్రతి నెలా. అంతా మోరీలోకే. మురుగునీటి ప్లాంట్లు మలినాన్ని తీస్తాయి గానీ ఉప్పును తియ్యవు. కాలిఫోర్నియాలోని శాంటా క్లారిటా లోయలో ఈ ఉప్పు నదిలో చేరి కింది తోటలకు ముప్పు తెస్తోందని, 2008లో జనం ఓటేసి మరీ ఇళ్ళలోని ఇలాంటి సాఫ్ట్‌నర్లను నిషేధించుకున్నారు.

మన దగ్గర ఇంకా దగ్గరి దారి ఉంది. మురుగును శుద్ధి చేసే మన ఎస్టీపీ నీళ్ళు అపార్ట్‌మెంటు లాన్‌కే పోతాయి. సోడియం ఎక్కువైన నేల చౌడుబారుతుందని ఏ రైతునడిగినా చెబుతాడు. చౌడు విరగడానికి అతను జిప్సం చల్లుతాడు. కాల్షియం చేర్చి సోడియాన్ని వెళ్ళగొట్టే పని అది. మనం డబ్బిచ్చి దానికి సరిగ్గా తిరగేసి చేయిస్తున్నాం, పైగా మొక్కలు మాడుతున్నాయని తోటమాలిని మారుస్తున్నాం.

సాఫ్ట్‌నర్ ఎక్కడా వద్దనడం లేదు. ఆసుపత్రి బాయిలర్‌కు కావాలి, లాండ్రీకి కావాలి. తాగునీటికి ఐఎస్ 10500 ప్రమాణం చెప్పే కాఠిన్యం 200, గత్యంతరం లేనప్పుడు 600. మీ బోరు ఆ 600 కూడా దాటితే గీజరుకు వెళ్ళే పైపు మీద చిన్నది పెట్టుకోండి, ఉప్పు ఖర్చు చాలావరకు తగ్గుతుంది. ప్లాంటు తప్పదని పట్టుబట్టే కమిటీలు కొటేషన్ మీద సంతకానికి ముందు రెండు సంగతులు రాయించుకోవాలి: నెలకు ఎన్ని కిలోల ఉప్పు, కడిగిన నీళ్ళు ఎక్కడికి. రెండోదానికి “డ్రెయిన్‌కు” అని ఒక్క మాట రాసి ఊరుకుంటే, ఆ డ్రెయిన్ వెంట నడిచి అదెక్కడ తేలుతుందో చూసి రావాలి.