డౌన్‌లోడ్‌తో అమ్మకం అయిపోదు

సంపాదకులు గారికి,

ఆన్‌లైన్ వ్యాపారాల మీద మీరు ఈమధ్య వేసిన వ్యాసం చదివాను. సాఫ్ట్‌వేర్ ఒకసారి తయారుచేసి వెబ్‌సైట్లో పెడితే చాలనీ, ఇక నిద్రలో ఉన్నా డబ్బు వచ్చి పడుతుందనీ అందులో రాశారు. నేను మందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసి, డౌన్‌లోడ్ పద్ధతిలో అమ్ముకుని బతుకుతున్నవాణ్ణి. ఆ మాట నమ్మి ఇంజనీరింగ్ అయిపోయిన పిల్లలు ఇందులోకి దిగితే వాళ్లూ నష్టపోతారు, వాళ్ల దగ్గర కొన్న షాపువాళ్లూ నష్టపోతారు. అందుకే ఈ ఉత్తరం.

కాపీ తీయడానికి ఖర్చు లేదన్నది నిజమే. వందో కాపీకైనా వెయ్యో కాపీకైనా పైసా అదనంగా పడదు. కానీ కొన్నవాడు డబ్బిచ్చేది కాపీకి కాదు. రేపు రూలు మారినా, కంప్యూటర్ మారినా తన షాపులో బిల్లు ఆగకూడదని ఇస్తాడు. మనం అమ్ముతున్నది ఆ పూచీని. దానికి ఏటేటా ఖర్చవుతుంది.

2025 సెప్టెంబరు సంగతే చెబుతాను. 3వ తేదీన జీఎస్టీ కౌన్సిల్ రేట్లు మార్చింది, 22 నుంచి అమలు అంది. మధ్యలో మూడు వారాలు కూడా లేవు. చాలా మందులు 12 శాతం నుంచి 5కి దిగాయి, 33 ప్రాణరక్షక మందుల మీద పన్ను పూర్తిగా తీసేశారు. బయటివాళ్లకు ఇది 12 కొట్టేసి 5 వేసినంత పనిలా కనిపిస్తుంది. షాపులో ఉన్న స్టాకు మీద మాత్రం పాత ఎమ్మార్పీయే ముద్రించి ఉంది. 112 రూపాయల స్ట్రిప్పులో 12 రూపాయలు పన్ను. అదే సరుకు 22 నుంచి 105కి ఇవ్వాలి. సెప్టెంబరు 15న కొన్న స్ట్రిప్పును కస్టమరు 25న వాపసు తెస్తే ఆ రిటర్ను పాత 12 శాతం మీదే రాయాలి. సరుకుల పట్టికలో (ఐటమ్ మాస్టర్‌లో) ఒకే రేటు పెట్టుకుని నడిచే సాఫ్ట్‌వేర్లో అక్కడ కొత్త రేటు కొట్టారనుకోండి, పాత బిల్లు మళ్లీ ప్రింటు తీస్తే దాని మీదా 5 శాతమే పడుతుంది. ఆడిటరు దగ్గర షాపు యజమాని తలదించుకోవాలి. కాబట్టి ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ రేటన్నది విడిగా దాచి, ప్రతి బిల్లునూ దాని తేదీకి కట్టాలి. ఆ రోజుల్లో నా ఫోను ఒక్క గంట మూగబోలేదు. ఒక్కసారి డబ్బు తీసుకుని వదిలేసినవాడు ఈ పని ఎవరి సొమ్ముతో చేస్తాడు?

ఇంకా చిన్న ఖర్చులు ఉన్నాయి. డిజిటల్ సంతకం లేని ప్రోగ్రామును డౌన్‌లోడ్ చేసి తెరవబోతే విండోస్ నీలం పెట్టె చూపించి ఆపేస్తుంది. అది చూసిన షాపాయన "ఇందులో వైరస్ ఉందంట బాబూ" అని ఫోను పెట్టేస్తాడు, అమ్మకం పోతుంది. ఆ సంతకానికి సర్టిఫికెట్ కొనాలి, గడువు తీరగానే మళ్లీ కొనాలి. 2023 జూన్ నుంచి దాని రహస్య కీని హార్డ్‌వేర్ టోకెన్‌లోనో అంతటి భద్రత ఉన్న చోటో ఉంచాలన్న నియమం కూడా వచ్చింది. అమ్మకం మీద జీఎస్టీ, పేమెంటు గేట్‌వే కోత సరేసరి.

ఇది మన దగ్గర మాత్రమే ఉన్న ఇబ్బంది కాదు. 1982 ప్రాంతంలో అమెరికాలో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ పీసీ-టాక్ అనే ప్రోగ్రామును, జిమ్ నాఫ్ పీసీ-ఫైల్ అనే ప్రోగ్రామును జనంలోకి వదిలారు. కాపీ చేసుకోండి, నచ్చితే డబ్బు పంపండి అన్నారు. షేర్‌వేర్ అలా మొదలైంది. జనం డబ్బు పంపారు, దాంతోపాటు సందేహాలూ పంపారు. నాఫ్ చివరికి ఐబీఎం ఉద్యోగం మానేసి, బటన్‌వేర్ అనే తన సంస్థను మనుషుల్ని పెట్టుకుని నడపాల్సి వచ్చింది.

అందుకని ఈ వ్యాపారంలోకి రాబోయేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఒకటే. ఏటా ఎంత తీసుకుంటారో, దానికి ఏం చేస్తారో కొనే ముందే, ధర పక్కనే రాయండి. మన వ్యాపారులకు ఇది కొత్త కాదు. టాలీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు శాశ్వతమే అయినా కొత్త వెర్షన్లు కావాలంటే టీఎస్‌ఎస్ అనే సర్వీసు చందాకు రెన్యువల్ కట్టాలని ప్రతి అకౌంటెంటుకూ తెలుసు. ముందే చెబితే ఎవరూ గొణగరు. "లైఫ్‌టైమ్" అని అమ్మి, రెండో ఏడు ఫోను ఎత్తకపోతే మాత్రం మనందరి మీదా నమ్మకం పోతుంది. ఏటా డబ్బు తీసుకుని అప్‌డేట్లు ఇచ్చే ఈ పద్ధతిలో దొంగ కాపీల బెంగ కూడా సగం తీరుతుంది. కాపీరైట్ చట్టంలో 63బి సెక్షన్ ఉంది, దొంగ కాపీ అని తెలిసి వాడినవాడికి జైలు, జరిమానా ఉన్నాయి. కానీ చిన్న అమ్మకందారు కోర్టుల చుట్టూ తిరగలేడు. రేటు మారిన రోజున అప్‌డేట్ రాని కాపీని షాపువాడే పక్కన పెడతాడు.

రెన్యువల్ కట్టలేదని పాత లెక్కలకు తాళం వేయడం మాత్రం అన్యాయం. జీఎస్టీ చట్టం ప్రకారం వ్యాపారి తన లెక్కల్ని వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. నాకు తెలిసిన ఒక మందుల షాపాయన వేరే ఒకరి దగ్గర సాఫ్ట్‌వేర్ కొన్నాడు. ఆ అమ్మినవాళ్లు దుకాణం కట్టేశారు. లైసెన్సు తేదీ దాటగానే తెర తెరుచుకోలేదు, డేటా ఇంకో ప్రోగ్రాములో చదివే రూపంలో లేదు. ఆయనా, ఆయన కొడుకూ రాత్రుళ్లు షట్టరు దించి, ర్యాకులోంచి ఒక్కో డబ్బా తీసి, బ్యాచ్ నంబరూ ఎక్స్‌పైరీ తేదీ చదువుకుంటూ స్టాకంతా మళ్లీ ఎక్కించారు. పాత బిల్లులైతే దొరకనే లేదు. సర్వీసు ఆపండి, కొత్త బిల్లులు ఆపండి, తప్పు లేదు. పాతవి చూసుకునే, ఎక్సెల్‌లోకి తీసుకునే దారి మాత్రం ఎప్పుడూ తెరిచి ఉంచాలి. అవి అతని లెక్కలు, మనవి కావు.

ఈసారి ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు దయచేసి రాబడితో పాటు ఖర్చుల పట్టీ కూడా వేయండి. సర్టిఫికెట్, పన్ను, గేట్‌వే కోత, ఫోను దగ్గర కూర్చునే మనిషి జీతం, రూలు మారినప్పుడల్లా చేయాల్సిన పని, అన్నీ అందులో ఉండాలి. అది చూశాక కూడా దిగే పిల్లలే ఈ వ్యాపారంలో నిలబడతారు.

ఇట్లు,
ఒక పాఠకుడు, నరసరావుపేట