ఆఫీసు కబురు... ఆఫీసులోనే!

పక్క గదిలో ఉన్న గుమస్తాకు ఓ ఫైలు పంపాలి. ఆడిటరు గారు ఫోన్ తీసి వాట్సప్‌లో పంపేస్తారు. గోడ అవతలికి వెళ్లాల్సిన ఫైలు ఊళ్లు దాటి, ఎక్కడో ఉన్న సర్వర్ దాకా పోయి వస్తుంది. అదైనా సర్దుకోవచ్చు. కానీ అందులో ఉన్నవి క్లయింట్ల పాన్ నంబర్లు, బ్యాంకు లెక్కలు. ఆర్నెల్ల తర్వాత గుమస్తా ఉద్యోగం మానేస్తే అవన్నీ అతని ఫోన్‌లోనే ఉండిపోతాయి. 'ఆ రోజు మనమేం చెప్పామో తీయవయ్యా' అంటే ఆఫీసులో వెతకడానికి ఏమీ ఉండదు.

పది పన్నెండు లినక్స్ సిస్టమ్‌లున్న ఆఫీసుకు ఈ తిప్పలు అక్కర్లేదు. మూలన పడున్న పాత కంప్యూటర్లో డెబియన్ వేసుకుని సొంత చాట్ సర్వర్ పెట్టుకోవచ్చు. సాఫ్ట్‌వేర్‌కు పైసా ఖర్చు లేదు. చిక్కల్లా ఎంచుకోవడంలోనే!

ముందుగా చూడాల్సింది 'ఎక్స్‌ఎంపీపీ'. 1999లో జెరెమీ మిల్లర్ 'జాబర్' పేరుతో ప్రకటించిన పద్ధతికి 2004లో ఈ పేరుతో ప్రామాణిక రూపం వచ్చింది. దీంతో లాభమేంటంటారా? సర్వర్ ఒకరిదైనా, దానికి కలిపే ప్రోగ్రామ్ మరొకరిది కావచ్చు. సిస్టమ్‌లో గాజిమ్, ఆండ్రాయిడ్ ఫోన్‌లో కన్వర్సేషన్స్ వాడుకోవచ్చు. ఒకటి ఆగిపోతే ఇంకొకటి. 2018 జులైలో యాహూ మెసెంజర్ మూతపడినప్పుడు దాన్నే నమ్ముకున్నవాళ్లకు ఈ వెసులుబాటు లేదు.

ఈ కోవలో మూడు పేర్లు వినిపిస్తాయి. ఇజాబర్డీ వేలాది మందికి సరిపోయే బాహుబలి. వాట్సప్ కూడా తొలిరోజుల్లో దాన్నే తన అవసరాలకు మలచుకుంది. ఓపెన్‌ఫైర్‌లో పనంతా బ్రౌజర్లో మౌస్‌తో నొక్కుకుంటూ చేసేయొచ్చు. అయితే 2023లో బయటపడిన ఓ లోపంతో పాస్‌వర్డ్ లేకుండానే దాని అడ్మిన్ పేజీలోకి చొరబడే వీలు కలిగింది. సరిచేసిన వెర్షన్ వచ్చినా, అప్‌డేట్ చేసే నాథుడు లేనిచోట ఏం లాభం? ప్రోసోడీ వీటన్నింటికన్నా తేలిక. తక్కువ మెమరీతో నడుస్తుంది, సెట్టింగులన్నీ దాదాపు ఒకే ఫైల్లో ఉంటాయి. డెబియన్ భాండారంలోనే దొరుకుతుంది కాబట్టి భద్రతా సవరణలు మామూలు అప్‌డేట్లతోపాటే వస్తాయి. చిన్న ఆఫీసుకు ఇదే నయం.

మాటర్‌మోస్ట్, జులిప్ చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. కానీ వాటికి డేటాబేస్ కావాలి, మెమరీ కూడా ఎక్కువే. అదీగాక, ఒకే కంపెనీ చేతిలో ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఎప్పటికీ అలాగే ఉంటుందన్న పూచీ లేదు. జింబ్రానే తీసుకోండి. 9వ వెర్షన్ నుంచి ఓపెన్ సోర్స్ వాడకందారులకు రెడీమేడ్ ప్యాకేజీలివ్వడం మానేసింది.

ప్రోసోడీ పెట్టగానే పనైపోయిందనుకునేరు! పాత సంభాషణలు దాచే 'మామ్' విభాగం ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. ఉన్నా, మార్చకపోతే అది దాచేది వారం రోజులే. పంపిన ఫైళ్లను దాచే విభాగానిదీ అదే గడువు, పైగా ఒక్కో ఫైలు 10 ఎంబీ దాటకూడదు. అందుకే మొదటి రోజే గడువు పెంచుకోవాలి. ఇంకో మెలిక ఉంది. కన్వర్సేషన్స్‌లో 'ఓమెమో' అనే తాళం ఉంటుంది. అది వేసి ఉంటే సర్వర్లో దాచిన మెసేజ్ కూడా చదవలేని గజిబిజిగానే మిగులుతుంది. సొంత కబుర్లకు అది మంచిదే. రికార్డు కావాలనుకునే ఆఫీసు మాత్రం సిబ్బందికి చెప్పి మరీ దాన్ని తీసేయించాలి.

మరి మెయిల్ సంగతి? పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ బంగారంలాంటి సాఫ్ట్‌వేర్లే. అయినా సొంత మెయిల్ సర్వర్ జోలికి పోకపోవడమే మంచిది. చాలా ఇంటర్నెట్ కనెక్షన్లలో 25వ పోర్టు మూసే ఉంటుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ నిబంధనలూ బిగిశాయి. ఎస్పీఎఫ్, డీకిమ్‌లలో ఒక్కటైనా లేకపోతే ఉత్తరం వెనక్కి రావచ్చు, లేదంటే స్పామ్‌లో పడొచ్చు. రిటర్న్ దాఖలు గడువు రోజున ఆ గొడవ ఎవరికి కావాలి? ఆ పని డబ్బు తీసుకుని చేసేవాళ్లకు వదిలేయండి.

ఇక సర్వర్‌ను చూసుకునేదెవరు? ఆఫీసులో ఒకరికైనా దాన్ని ఆపడం, లేపడం, కొత్త ఖాతా తెరవడం, మానేసినవారి ఖాతా మూయడం తెలియాలి. నెలకోసారి వచ్చే సిస్టమ్ కుర్రాడి చేత ఇవన్నీ తెలుగులో ఓ కాగితం మీద రాయించుకోండి. బ్యాకప్‌ను వేరే డిస్కులోకి తీయించి, ఓ శనివారం సాయంత్రం సర్వర్ ఆపేసి, ఆ డిస్కుతో మరో సిస్టమ్‌లో అంతా తిరిగి నిలబెట్టమనండి. ఆ కుర్రాడు కాదు... కాగితం చూసి మీ గుమస్తానే!