గేరు కుదుపు: ఏది మామూలు?

ఆటోమేటిక్ కారు గేరు మారేటప్పుడు కుదిపితే లోపమేనని బెంబేలెత్తడమూ, సర్వీసు సెంటర్‌లో ‘అన్నీ ఇంతే’నని పంపేయడమూ రెండూ తప్పే. ముందు గేరుబాక్సు ఏ రకమో తేలాలి. 2014లో మారుతి సెలెరియోతో మన దగ్గర వాడకంలోకొచ్చిన ఏఎంటీ నిజానికి మాన్యువల్ గేరుబాక్సే. క్లచ్ పని యంత్రం చేస్తుంది. గేరు మారే ఆ క్షణం చక్రాలకు శక్తి అందదు కనుక చిన్న తూగు సహజం. అదే తూగు సీవీటీ అనే మరో రకం గేరుబాక్సులో వస్తే అనుమానించాల్సిందే, సాధారణంగా అందులో విడివిడి గేర్లుండవు.

ఇవన్నీ మామూలు యజమానికెలా తెలుస్తాయంటారు. తెలియనక్కర్లేదు, అదే మోడల్ మరో కారును అదే రోడ్డుపై, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడూ వేడెక్కాకా నడిపి చూస్తే చాలు. అన్నిటికంటే గట్టి సాక్ష్యం మార్పు: ఇంతకుముందు లేని జాప్యం, మోత పెరిగినా పెరగని వేగం. వాటిని వారంటీ ఉండగానే జాబ్ కార్డులో రాయించుకోవాలి.