మెర్సోకి ఐసు బకెట్ ఎందుకు?

తెల్ల వైన్ అనగానే మన హోటళ్లలో సీసాను ఐసు బకెట్‌లో పీకలదాకా ముంచేస్తారు. చవక సరుకుకు అదే మేలు, లోపాలు బయటపడవు. ఫ్రాన్స్‌లోని బర్గండీ నుంచి వచ్చిన మెర్సోకి కూడా అదే శిక్ష వేస్తే నాకు ఒళ్లు మండుతుంది. దానికి 12, 13 డిగ్రీలు చాలు.

నేనైతే ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బల్ల మీద వదిలేస్తాను. వెడల్పాటి గ్లాసులో మూడో వంతుకు మించి పోయను. ముందు నిమ్మతొక్క, కాస్త అగ్గిపుల్ల గీసిన వాసన. చలి విడిచేకొద్దీ వేయించిన బాదం, దాని వెనకే వెన్న. ఆ వెన్న ఎవరూ కలిపింది కాదు. పచ్చి ఆపిల్‌ పులుపైన మాలిక్ ఆమ్లాన్ని బాక్టీరియా లాక్టిక్ ఆమ్లంగా మార్చేటప్పుడు పుట్టే వాసన అది. మనింటి పెరుగులో ఉండేదీ ఆ లాక్టిక్ ఆమ్లమే. ఇంత సూక్ష్మాన్ని గడ్డకట్టించి మింగడం దేనికి?

ఓక్ పీపా వాసనే ముందుకొచ్చి కూర్చుంటే మాత్రం నేను మార్కులు కోస్తాను. మెర్సో చేసే అదే షార్డొనే ద్రాక్షతో ఉత్తరాన షాబ్లీలో చేసేది చాలావరకు స్టీలు తొట్లలోనే పులుస్తుంది, కత్తిలా ఉంటుంది.

లేబుల్ మోజు ఉన్నవారికి ఒక మాట. 1976లో పారిస్‌లో పేర్లు కప్పి రుచి చూపిస్తే, ఫ్రెంచి న్యాయనిర్ణేతలే కాలిఫోర్నియా షార్డొనేకి మొదటి స్థానం ఇచ్చారు. మెర్సో రెండోది. బర్గండీలోనే ఖరీదైన మోంట్రాషే కొనలేమని దిగులెందుకు, దక్షిణాన మాకోన్ వైపు సాన్ వెరాన్ చూడండి. పక్కన ఆవకాయ వద్దు. కారం తగ్గించి వేయించిన కొర్రమీను అయితే సరే.